బొమ్మలు కూడెడతాయా? డిగ్రీ అయ్యాక ఇలస్ట్రేటర్ కావాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఉంటూ పిల్లల పుస్తకాలకీ పత్రికలకీ బొమ్మలు వేస్తుంటాను. డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు, వాళ్లకన్నా ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఏటా ఒకటే. వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లతో పాటు బీకాం, బీటెక్ చదువుతూ నోట్సు మార్జిన్ల నిండా బొమ్మలేసినవాళ్లకి కూడా ఇవి పనికొస్తాయి.

"బొమ్మలు కూడెడతాయేటి?" అంటున్నారు మా నాన్న. ఏం చెప్పమంటారు?

పెడతాయి గానీ మొదటి ఏడు పెట్టవు. రెండో ఏడు అరకడుపు నింపుతాయి. ఈ సంగతి దాచి "ఆరు నెలల్లో నెలకి యాభై వేలు తెస్తాను చూడండి" అని పందెం కాస్తే, ఏడో నెలకి ఏదో ఒక బ్యాంకు కోచింగ్ సెంటర్లో తేలతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి రెండేళ్లు గడువు అడగండి. గడువుతో పాటు షరతులు కూడా మీరే పెట్టండి. మొదటి ఆరు నెలలు పోర్ట్‌ఫోలియో తయారీ, అంటే మీ పనితనం చూపించే బొమ్మలన్నీ ఒకచోట కూర్చడం. ఆ తరవాత నుంచి ఫోను రీచార్జి, రంగులు, బస్సు ఖర్చులు మీవే. ఏడాది తిరిగేసరికి ఇంట్లో నెలకి ఇంత అని ఇవ్వాలి. రెండేళ్లకి మీ పేరుతో ఒక్క పుస్తకమైనా అచ్చు కాకపోతే వేరే దారి చూసుకోవాలి. షరతులున్న మాటని మన నాన్నలు వింటారు. ఊరికే కలలు చెబితే వినరు, అందులో వాళ్ల తప్పేం లేదు. వాళ్లెరిగిన ఆర్టిస్టులంతా సైన్‌బోర్డులు రాసుకుని బతికి, ఫ్లెక్సీలు రాగానే కుంచె అటక మీద పెట్టేసినవాళ్లే.

ఇంకో మాట. సొంతింట్లో తిండీ పడకా ఉన్నవాళ్లకి ఈ రెండేళ్లు దొరికినంత చవకగా ఏ నగరంలోనూ దొరకవు. ఆ ఖర్చు మోస్తున్నది మీ నాన్న. అది మీకు తెలుసని ఆయనకి తెలియనివ్వండి.

అందరూ బాగుందంటారు, లైకులూ వస్తాయి. పని మాత్రం రాదేం?

మీ పేజీ తెరిస్తే ఏముంటుంది? సినిమా హీరో పెన్సిల్ పోర్ట్రెయిట్, ఓ దేవుడు, ఓ పెద్ద కన్ను, నీళ్లరంగుల్లో సూర్యాస్తమయం. అన్నీ బాగానే ఉంటాయి. పుస్తకానికి బొమ్మలు వేయించుకునే ఎడిటర్ వెతికేది మాత్రం అందులో ఉండదు. ఆవిడకి కావలసింది ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె. ఆ పిల్ల మొదటి పేజీలో నిద్ర లేవాలి, మూడో పేజీలో వానలో తడవాలి, ఏడో పేజీలో అమ్మ మీద అలగాలి, చివరి పేజీలో నిద్రపోవాలి. వెనక నుంచి చూసినా, మేడ మీంచి చూసినా, సంతలో గుంపు మధ్య చూసినా అదే పిల్ల అని చదివే పసివాడు గుర్తుపట్టాలి. ఒక్క మంచి బొమ్మ చాలామంది వేస్తారు. ఒకే కథకి పన్నెండు బొమ్మలు, పన్నెండూ ఒకే చేత్తో వేసినట్టు, చెప్పిన తేదీకి వేసేవాళ్లు తక్కువ. ఈ వృత్తిలో డబ్బిచ్చేది దానికే.

కాబట్టి హీరోల్ని తీసేయండి. పన్నెండు నుంచి పదిహేను పేజీల పీడీఎఫ్ ఒకటి చేయండి. అందులో కనీసం రెండు కథలు ఉండాలి, ఒక్కో కథ నుంచి వరసగా నాలుగైదు బొమ్మలు. ఒకే మనిషివి రకరకాల ముఖకవళికలు ఒక పేజీ. గుంపు బొమ్మ ఒకటి. ఇంటి లోపలిది ఒకటి. జంతువులు కొన్ని. నలుపు తెలుపులో ఒకటి రెండు, పత్రికల వాళ్లు చూస్తారు. ముఖచిత్రం ఒకటి, పేరు రాయడానికి జాగా వదిలి. ఈ జాగా వదలడం చూడ్డానికి చిన్న విషయం. కొత్తవాళ్లు పేజీ అంచుల దాకా బొమ్మ నింపేసి, "మరి అక్షరాలెక్కడ పెట్టమంటారు?" అని ఎడిటర్ అడిగితే ఆకాశం వైపు చూస్తారు. అక్షరాలు పెట్టాల్సింది కూడా తరచుగా ఆ ఆకాశంలోనే.

చేతులు జేబుల్లో దాచకండి. చేతులు వేయడం రాదని వెంటనే తెలిసిపోతుంది.

కథలు ఎక్కడి నుంచి తేవాలి? నేను రచయితని కాదుగా.

తేలిక దారి ఒకటుంది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే వేదిక మొదలుపెట్టారు. అందులో తెలుగు కథలు కూడా దండిగా ఉన్నాయి. అక్కడ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్న కథలకి, రచయిత పేరూ మూలమూ స్పష్టంగా రాసి, మీరు మళ్లీ కొత్తగా బొమ్మలు వేసుకోవచ్చు. అనుమతి కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. అయితే మొదట ఆ పుస్తకంలో ఉన్న బొమ్మలు చూడకండి. కథ మాత్రం కాగితం మీద రాసుకుని, పేజీలుగా మీరే విడగొట్టుకుని వేశాక, అప్పుడు చూడండి. అసలు చిత్రకారుడు ఏ వాక్యానికి బొమ్మ వేశాడు, ఏ వాక్యాన్ని బొమ్మ లేకుండా వదిలేశాడు అన్నది పోల్చి చూస్తే నేర్చుకునేది చాలా ఉంటుంది.

రెండో దారి మన చుట్టూ ఉంది, నాకు ఇదే ఇష్టం. కథ అక్కర్లేదు, జరిగేది జరిగినట్టు వరసగా చూపించే పని ఉంటే చాలు. శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లండి. అక్కడ ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని పళ్లున్న ఆ ఎముకే దువ్వెన. అక్కడి నుంచి గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద నూలు వడకడం, మగ్గం, చివరికి మడత పెట్టిన పంచె. పన్నెండు బొమ్మల పుస్తకం కళ్ల ముందే నడుస్తుంటుంది. ఫోనుతో ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా కూర్చుని స్కెచ్ చేయండి. వడికే ఆవిడ చెయ్యి ఎంత దూరం వెనక్కి లాగుతుందో ఫొటోలో తెలీదు. ముందు వాళ్లని అడిగి కూర్చోండి, వేసినవి వాళ్లకి చూపించండి. తప్పులు పట్టేది వాళ్లే.

అలాంటివే ఇంకా ఉన్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఉన్నాయి. శీతకాలమంతా అక్కడే ఉండి పిల్లల్ని పెంచుకుని వెళతాయి. బుడితిలో ఇత్తడి చెంబు పోత పోసే దగ్గర నుంచి మెరుగు పెట్టేదాకా వేయొచ్చు. విజయనగరంలో దసరా అయిన తరవాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంది. పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చింతమానే సిరిమాను. అదొక్కటే వేసి ఊరుకోకండి, అది అందరూ వేసేదే. ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల, మేడల మీద కిక్కిరిసిన జనం, మర్నాడు పొద్దున్న రోడ్డు ఊడ్చేవాళ్లు, ఇవన్నీ ఉన్నాయి. ఆ చింతమానుని చెట్టుగా ఉన్నప్పటి నుంచీ మొదలుపెడితే అదే ఒక కథ.

బెంగళూరు ఎడిటర్ దగ్గరికి వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో వాలుగ దవడ బొమ్మ మీ ఒక్కదాంట్లోనే ఉంటుంది.

హైదరాబాద్ వెళ్లిపోతే పని దొరకదా?

యానిమేషన్, గేమింగ్ స్టూడియోలో ఉద్యోగం చేయాలనుంటే వెళ్లండి, ఆ ఉద్యోగాలు అక్కడే ఉన్నాయి. పుస్తకాలూ పత్రికలూ మీ దారి అయితే తొందర లేదు. పిల్లల పుస్తకాలు వేసేవాళ్లు బెంగళూరులో, చెన్నైలో, భోపాల్‌లో, ఢిల్లీలో, సికింద్రాబాద్‌లో ఉన్నారు. మీరు అమీర్‌పేటలో ఉన్నా ఆమదాలవలసలో ఉన్నా వాళ్లకి మెయిలే. తేడా అల్లా, అమీర్‌పేటలో హాస్టల్ అద్దె కట్టడానికి మీరు మొదటి నెలలోనే లోగోలూ యూట్యూబ్ థంబ్‌నెయిళ్లూ చేయడం మొదలుపెడతారు. రెండేళ్ల తరవాత చూసుకుంటే పోర్ట్‌ఫోలియో నిండా అవే ఉంటాయి, మళ్లీ అలాంటి పనులే వస్తాయి.

దూరం నుంచి పని చేయడం ఇంటర్నెట్‌తో వచ్చిన వింతేం కాదు. చందమామ, యువ ముఖచిత్రాలతో ఇంటింటికీ తెలిసిన వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. మద్రాసు పత్రికలకి పనిచేసిన మనిషే, తరవాతి రోజుల్లో అనకాపల్లి పక్కన కశింకోటలో కాపురం ఉన్నారు. ఆయన రోజుల్లో బొమ్మ పోస్టులో వెళ్లాలి, చెడిపోకుండా వెళ్లాలి. మనకి ఆ బాధ కూడా లేదు.

వెళ్లాల్సిన అవసరం ఒకటుంది, అది మనుషుల కోసం. ఏడాదికోసారి హైదరాబాద్ లేదా విజయవాడ పుస్తక ప్రదర్శనకి వెళ్లి ప్రచురణకర్తల స్టాళ్లలో నిలబడి పుస్తకాలు తిరగేయండి. వాళ్లు ఎలాంటి బొమ్మలు వేయించుకుంటున్నారో అక్కడ ఒక పూటలో తెలుస్తుంది.

ఎవరికి పంపాలి? మెయిల్లో ఏం రాయాలి?

ప్రథమ్ బుక్స్, చెన్నైలో తూలిక, తారా బుక్స్, కరడి టేల్స్, భోపాల్‌లో ఏకలవ్య, ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం. వీళ్లతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరిదీ ఒక్కో రుచి. తారా వాళ్లు జానపద, గిరిజన చిత్రకళతో చేసే పుస్తకాలకి పేరుపడ్డవాళ్లు, వాళ్లకి కార్టూన్ శైలి పంపితే ఇద్దరికీ టైమ్ వేస్టు. పంపే ముందు ఆ సంస్థ పుస్తకాలు నాలుగైనా చదవండి, వాళ్ల వెబ్‌సైటులో పంపే పద్ధతి రాసి ఉంటే అది పాటించండి.

మెయిల్ ఎంత చిన్నదైతే అంత మంచిది. మీరెవరు, ఏ ఊరు, వాళ్ల పుస్తకాల్లో ఏది చదివి రాస్తున్నారు, పీడీఎఫ్ లింకు. "చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణం" అన్న వాక్యం వద్దు, ఆ మెయిల్ పెట్టె నిండా అదే ఉంటుంది. జవాబు రాకపోతే నెల తరవాత ఒకసారి గుర్తు చేయండి, ఆరు నెలల తరవాత కొత్త బొమ్మలతో మళ్లీ రాయండి. జవాబు రాకపోవడం కాదనడం కాదు, చాలాసార్లు అప్పటికి సరిపడే కథ లేకపోవడం అంతే.

తెలుగు పత్రికల సంగతి. చందమామ లేదు. విపుల, చతుర ఆగిపోయాయి. కథలకి బొమ్మలు వేయించుకునే వారపత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఆదివారం అనుబంధాలు ఉన్నాయి, కానీ వాటికి సొంత ఆర్టిస్టులుంటారు. అక్కడ అచ్చయితే ఊళ్లో పేరొస్తుంది, దాని మీద సంసారం నడుపుదామనుకోకండి.

రేటు ఎంత చెప్పాలి?

"మార్కెట్ రేటు ఎంత?" అని నన్ను అడగొద్దు. మీ రేటు మీ ఖర్చులోంచి రావాలి. కాగితం తీసుకోండి. నెలకి మీకు కావలసింది 15,000 అనుకుందాం. నెలలో డబ్బొచ్చే పని చేసే రోజులు 12 మించవు. మిగతా రోజులన్నీ మెయిళ్లకీ, సాధనకీ, రాని పనుల కోసం ఎదురుచూడ్డానికీ పోతాయి. అంటే రోజుకి 1,250.

ఇప్పుడు పుస్తకం చూడండి. పిల్లల బొమ్మల పుస్తకం మామూలుగా 24 లేదా 32 పేజీలు ఉంటుంది, ఎందుకంటే ప్రెస్సులో కాగితం ఎనిమిదో పదహారో పేజీల ఫారాలుగా మడుస్తారు. 24 పేజీల్లో మొదటిదీ చివరిదీ పోను ఎదురెదురు పేజీల జతలు 11, అట్ట ఒకటి, మొత్తం 12 బొమ్మలు. రఫ్ (చిత్తు బొమ్మ) నుంచి ఫైనల్ దాకా ఒక్కోదానికి రెండున్నర రోజులు వేసుకుంటే 30 రోజులు. 30 రోజులకి 37,500. ఇది మీ కనీసం, అడిగేది దీనికన్నా కొంచెం పైన ఉండాలి. ఎవరైనా "మొత్తం పుస్తకానికి ఎనిమిది వేలు, నీకు పేరొస్తుంది బాబూ" అంటే భాగించి చూడండి. రోజుకి 267. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300. ఈ లెక్క నేను చాలామందికి ఫోనులోనే చేసి వినిపించాను, అవతల కాసేపు మాట ఉండదు.

అడ్వాన్సు మూడో వంతు, రఫ్‌లు ఒప్పుకున్నాక మూడో వంతు, ఫైనల్ ఇచ్చాక మిగతాది. రెండు విడతల కరెక్షన్లు రేటులోనే ఉంటాయి, మూడోసారి నుంచి వేరే డబ్బు అని ముందే రాయండి. ఇది రాయకపోతే "చీర రంగు మారిస్తే బాగుంటుందేమో" అన్న మాట పదకొండోసారి కూడా వినాల్సి వస్తుంది.

మేనమామ కూతురి పెళ్లి శుభలేఖ ఊరికే వేయమంటున్నారు. కాదంటే ఎలా?

వేయండి. అది చదివింపులు అనుకోండి. ఆయన షాపు బోర్డుకి మాత్రం బిల్లు ఇవ్వండి.

అగ్రిమెంటు నిజంగా అవసరమా? వాళ్లు తెలిసినవాళ్లే.

తెలిసినవాళ్లయితే మరీ అవసరం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసినవారే దాని మొదటి హక్కుదారు, రిజిస్ట్రేషన్ చేయించకపోయినా సరే. దీనికి రెండు మినహాయింపులు మీకు బాగా తెలిసి ఉండాలి. ఉద్యోగంలో భాగంగా వేస్తే మామూలుగా హక్కు యజమానిది. డబ్బిచ్చి అడిగి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివాటి విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు. అంటే నోటిమాట మీద పని చేస్తే, మీరు వేసిన బొమ్మ మీది కాదనే వాదనకి దారి మీరే తెరిచినట్టు. ఒక్క పేజీ ఒప్పందం ఉంటే ఆ తలనొప్పి ఉండదు.

హక్కులు రాసివ్వాలంటే రాతపూర్వకంగానే ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే అని చట్టం లెక్క వేస్తుంది. కొన్ని సంస్థలు "అన్ని హక్కులూ, అన్ని భాషలూ, శాశ్వతంగా" అని కాగితం పంపుతాయి. సంతకం పెట్టే ముందు మూడు అడగండి. ఈ పుస్తకానికేనా, లేక బొమ్మల్ని సంచుల మీదా కప్పుల మీదా కూడా వేస్తారా? వేరే భాషల్లోకి వెళితే నాకేమొస్తుంది? అట్ట మీదో లోపలో నా పేరు ఉంటుందా? మూడింటికీ కాదన్నా కొన్నిసార్లు ఒప్పుకోవాల్సి రావచ్చు, డబ్బు బాగా ఇస్తుంటే ఒప్పుకోండి కూడా. కానీ తెలిసి ఒప్పుకోండి. హక్కులన్నీ అమ్మేసినా మీ బొమ్మ మీదేనని చెప్పుకునే హక్కు, దాన్ని మీ పరువు పోయేలా వికృతం చేస్తే అభ్యంతరం పెట్టే హక్కు ఆ చట్టంలోని 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటాయి.

ఒప్పందం రాయడానికి లాయరు అక్కర్లేదు. పని ఏమిటి, ఎన్ని బొమ్మలు, తేదీలు, డబ్బు విడతలు, కరెక్షన్లు, హక్కులు, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి. ఇవి మెయిల్లో తెలుగులో రాసి, "సరే" అని జవాబు తెప్పించుకున్నా ఏమీ లేనిదానికన్నా ఎంతో నయం.

ఐప్యాడ్ కొనాలా?

ఇప్పుడే వద్దు. కాగితం, ఇంకు, నీళ్లరంగులు, మంచి స్కానరు ఉన్న డీటీపీ షాపు చాలు. డిజిటల్‌గా వేయాలంటే మామూలు ల్యాప్‌టాప్, చిన్న పెన్ టాబ్లెట్, బొమ్మలు వేయడానికి ఉచితంగా దొరికే క్రిటా సాఫ్ట్‌వేర్. మొదటి పుస్తకం డబ్బుతో కొనుక్కోండి కావలిస్తే. ఏ పరికరమైనా ఫైలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, చుట్టూ మూడు మిల్లీమీటర్లు కోతకి వదలాలి. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ అచ్చులో పాచిరంగు అవుతుందని ముందే తెలుసుకోవాలి. ఈ మూడోది తెలియాలంటే మీ ఊరి ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఒక పూట నిలబడండి, టీ డబ్బులు తప్ప ఖర్చు లేదు.

తెలుగు అక్షరాలు కూడా నేనే రాయాలా?

రాయగలిగితే మీ విలువ పెరుగుతుంది. బాపు గారి చేతిరాత ఆయన బొమ్మలంత పేరు తెచ్చుకుంది, దాని నుంచి ఫాంట్లు కూడా పుట్టాయి. ఆయన్ని అనుకరించకండి, ఇప్పటికే సగం తెలుగునాడు ఆ పని చేస్తోంది. చేతిరాత కుదరకపోతే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా వాడుకోదగ్గ తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. అందులో ఒకదాని పేరు గురజాడ, ఇంకోదాని పేరు గిడుగు. మనవాళ్లే. డీటీపీ షాపుల్లో యూనికోడ్ కాని అను ఫాంట్లు నడుస్తాయి కాబట్టి ఆ టైపింగ్ కూడా కొంచెం తెలిసి ఉంటే ప్రెస్సువాళ్లతో మాట కలుస్తుంది.

ఈలోగా పొట్ట గడవడానికి ఏం చేయాలి?

సగం రోజు పని చూసుకోండి, పొద్దున్న పూట మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. డీటీపీ షాపులో సాయంత్రాలు చేస్తే అచ్చు సంగతులు ఉచితంగా నేర్చుకుంటారు. బళ్లలో గోడల మీద పాఠాల బొమ్మలు వేసే పనులు వేసవిలో వస్తాయి, కూలి రోజువారీ ఉంటుంది, పెద్ద కొలతలో గీయడం అలవాటవుతుంది. పిల్లలకి ఆదివారం క్లాసులు పెట్టొచ్చు. డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం మనసులో ఉంటే రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్లు రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తి చేసి ఉంచుకోండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు పరిగెత్తే పని తప్పుతుంది.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. దృశ్యకళలు కూడా అందులో ఉన్నాయి. మన వైపు నుంచి దరఖాస్తు చేసేవాళ్లు నాకు పెద్దగా కనబడరు, ఎందుకో మరి.

పీజీ చేయాలా?

చేయాలనిపిస్తేనే. ఎడిటర్ మీ డిగ్రీ అడగరు. కానీ రెండేళ్లు మంచి గురువుల మధ్య, మంచి తోటివాళ్ల మధ్య గడపడం వేరు. దగ్గర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. డిజైన్ వైపు అయితే సీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) చేరొచ్చు. ఐఐటీ బొంబాయి నిర్వహించే ఆ పరీక్షకి మూడేళ్ల డిగ్రీ ఏదైనా చాలు, వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)కి వేరే పరీక్ష. బీటెక్ వాళ్లకి ఇది మంచి మలుపు. అప్పు చేసి ప్రైవేటు డిజైన్ కాలేజీల్లో లక్షలు పోయడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

మంచి బొమ్మలు చూడాలంటే ఈ జిల్లాల్లో ఏముంది?

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన ఆ గ్రంథాలయానికి అందరూ కథల కోసం వెళతారు, మీరు ఆ కథలకి వేసిన బొమ్మల కోసం వెళ్లండి. పాత పత్రికలు వరసగా తిరగేస్తే ఒకే కాలమ్ వెడల్పులో, ఒకే నల్లరంగుతో, చవక కాగితం మీద ఎంత చెప్పొచ్చో తెలుస్తుంది. శ్రీకూర్మం గుడి గోడల మీద పాత కుడ్యచిత్రాలున్నాయి, దర్శనం అయ్యాక తొందరపడి వచ్చేయకుండా కాసేపు ఆగండి. విజయనగరంలో ఎవరైనా పెద్దవాళ్లు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారి బొమ్మలు చూపిస్తే వదలకండి, మన పల్లె మనుషుల ఒంటి తీరు ఆ గీతలో ఉంటుంది.

సవర బొమ్మల శైలిలో వేస్తే బాగా అమ్ముడవుతుందట. వేయొచ్చా?

సీతంపేట కొండల్లో సవరలు గోడల మీద వేసే ఆ బొమ్మలు అలంకారం కోసం పుట్టినవి కావు. పూజతో, పెద్దల్ని తలుచుకోవడంతో ముడిపడినవి. ఆ మనుషుల్ని, చెట్లని, వాయిద్యాలని కంప్యూటర్లో కాపీ కొట్టి టీషర్టు మీద వేసుకుంటే చట్టం మిమ్మల్ని పట్టుకోకపోవచ్చు, నేను మాత్రం మీ పోర్ట్‌ఫోలియో ఎవరికీ పంపను. ఎవరైనా ప్రచురణకర్త ఆ శైలి కావాలంటే సవర చిత్రకారుల్నే పిలవమని చెప్పండి. మీరు మధ్యలో ఉండి డిజైన్ చేయండి, ఇద్దరి పేర్లూ వేయించండి, డబ్బు ఇద్దరికీ వచ్చేలా చూడండి.

ఏఐ వచ్చాక ఈ వృత్తి మిగులుతుందా?

కొన్ని పనులు పోయాయి, ఇంకా పోతాయి. శుభాకాంక్షల పోస్టర్లు, థంబ్‌నెయిళ్లు, ఎవరూ రెండోసారి చూడని బొమ్మలు. వాటి మీద జీవితం కట్టుకోవద్దు. సిరిమానోత్సవం బొమ్మ ఇమ్మని ఆ యంత్రాన్ని అడిగి చూడండి, ఏదో రథం, ఏదో ఏనుగు, ఎవరివో తలపాగాలు వస్తాయి. ఇక్కడి మనిషి ఒక్క చూపులో తప్పు పడతాడు. రేపు అది కూడా నేర్చుకోవచ్చు, కాదనను. అప్పటికి మీరు నమ్మకంగా పని అప్పగించదగ్గ మనిషిగా నలుగురు ఎడిటర్లకి తెలిసి ఉండాలి. ఒప్పందంలో "ఈ బొమ్మలను ఏఐ శిక్షణకు వాడరాదు" అన్న వాక్యం మాత్రం ఇప్పటి నుంచే పెట్టండి. మీరు ఏఐ వాడితే అది కూడా దాచకండి.

నేను అమ్మాయిని. "ఇంట్లో కూర్చుని చేసుకునే పని కదా, పెళ్లయ్యాక కూడా చేసుకోవచ్చు" అని సంబంధాలు చూస్తున్నారు. నిజమేనా?

ఇంట్లో చేసే పనే, అందుకే ప్రమాదం. ఇంట్లో ఉన్న ఆడపిల్లకి పని ఉందని మన ఇళ్లలో ఎవరికీ కనబడదు. పాలు పొంగితే మీరే, కాలింగ్ బెల్ మోగితే మీరే. ఈ వృత్తి మధ్యలో వదిలేసిన మంచి చేతుల్లో ఎక్కువమంది అమ్మాయిలే, బొమ్మలు రాక కాదు. పెళ్లికి ముందే మూడు స్థిరపరచుకోండమ్మా. మీ పేరుతో బ్యాంకు ఖాతా, మీరు తప్ప ఎవరూ బట్టలు మడతపెట్టని ఒక బల్ల, రోజుకి నాలుగు గంటలు తలుపు వేసుకునే అలవాటు. సంబంధం మాట్లాడేటప్పుడు ఈ మాటలు పెద్దవాళ్ల చేత అనిపించండి, తాంబూలాలు పుచ్చుకున్నాక చెబితే గొడవ అవుతుంది. వీలైతే అంతకుముందే ఒక పుస్తకం మీ పేరుతో అచ్చవనివ్వండి. చేతిలో పుస్తకం ఉంటే అత్తవారింట్లో దాన్ని హాబీ అనడానికి కొంచెం ఆలోచిస్తారు.

పన్ను, జీఎస్టీ గొడవలు ఉంటాయా?

పాన్ కార్డు ఉంటే చాలు మొదట్లో. పెద్ద సంస్థలు మీకిచ్చే దాంట్లో సాధారణంగా పది శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటాయి. ఆదాయం పన్ను పడేంత లేకపోతే అది తిరిగొస్తుంది, రిటర్ను వేస్తేనే వస్తుంది. చాలామంది పిల్లలు "కట్ అయిపోయింది" అని వదిలేస్తారు. సేవల మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే. ఆ బాధ మీకు త్వరగా రావాలని కోరుకుంటున్నాను.

పని ఇచ్చేశాను, పుస్తకం అచ్చయింది, డబ్బు మాత్రం రాలేదు. ఏం చేయను?

ముందు మర్యాదగా, తేదీతో, బిల్లు నంబరుతో మెయిల్ రాయండి. ఫోనులో అడిగితే "ఈ వారంలో చూద్దాం" అంటారు, మెయిల్ అయితే మిగిలి ఉంటుంది. చాలాసార్లు డబ్బు ఆగేది ఎడిటర్ దగ్గర కాదు, అకౌంట్స్ విభాగంలో. ఆ విభాగం వాళ్ల పేరు కనుక్కుని వాళ్లకే రాయండి.

దానికీ కదలకపోతే మీ చేతిలో ఒక చట్టం ఉండాలి, అందుకు ముందే సిద్ధపడాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అని సూక్ష్మ, చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టినది ఒకటుంది. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది. డబ్బు అడిగే దళారులు వెబ్‌సైట్లు పెట్టుకుని కూర్చుంటారు, వాళ్ల దగ్గరికి పోకండి. ఒంటరిగా బొమ్మలు వేసుకునే మనిషి కూడా సేవలందించే సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. ఇలాంటి సంస్థల కోసం ఉన్న 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం మీ పని అందుకున్నవారు ఒప్పుకున్న గడువులోగా డబ్బివ్వాలి, ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ, ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్. అక్కడిదాకా వెళ్లే పని అరుదుగా పడుతుంది. బిల్లు కింద ఉద్యమ్ నంబరు వేసి, "45 రోజుల్లో చెల్లించగలరు" అని ఒక్క లైను రాస్తే చాలా అకౌంట్స్ విభాగాలకి మీ ఫైలు దొరుకుతుంది.

పని మొదలుపెట్టే రోజునే ఆ నంబరు తీసుకోండి. డబ్బు ఆగాక తీసుకుంటే పాత బిల్లులకి ఆ రక్షణ అడగడం కష్టం.